అపోహలు – వాస్తవాలు: 2022 జనవరి 31 వరకు బంద్ అంటే ఫిబ్రవరి 1న విమానాలు మొదలని కాదు

(ఇది 2021 డిసెంబర్ మధ్యలో, కొవిడ్ రోజుల్లో రాసింది. ఇందులోని తేదీలు, నిబంధనలు అప్పటివి.)

అపోహ: అంతర్జాతీయ విమానాలు జనవరి 31 వరకే బంద్. ఫిబ్రవరి 1 నుంచి అన్నీ మొదలు.

వాస్తవం: కాదు. డీజీసీఏ (మన దేశంలో విమానాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ) బంద్‌ని పొడిగించిందే తప్ప, ఎప్పుడు తెరుస్తుందో ఎక్కడా చెప్పలేదు.

2021 డిసెంబర్ 9న ఆ పొడిగింపు సర్క్యులర్ వచ్చినప్పటి నుంచి జగిత్యాలలో మా విమాన టికెట్ల కౌంటర్ దగ్గర ఒకటే మాట. "అన్నా, ముప్పై ఒకటి దాకనే గదా బంద్? ఒకటో తారీకుకు టికెట్ కొట్టు." టీవీలో స్క్రోలింగ్ చూశారు, వాట్సాప్‌లో ఫార్వర్డ్ వచ్చింది, ఊళ్లో ఎవరో చెప్పారు. కాగితం మాత్రం ఎవరూ చదవలేదు. చదవడానికి అందులో పెద్దగా ఏమీ లేదు కూడా. 2020 జూన్ 26 నాటి సర్క్యులర్‌ను సవరిస్తున్నామని, షెడ్యూల్డ్ (మామూలు టైమ్‌టేబుల్ ప్రకారం నడిచే) అంతర్జాతీయ ప్యాసింజర్ విమానాల నిలిపివేతను 2022 జనవరి 31 రాత్రి 23:59 వరకు పొడిగిస్తున్నామని ఉంటుంది. కార్గో విమానాలకు, డీజీసీఏ ప్రత్యేకంగా అనుమతించిన విమానాలకు ఇది వర్తించదని ఇంకో లైను. ఆ రాత్రి పన్నెండు దాటాక ఏం జరుగుతుందో అందులో ఒక్క అక్షరం లేదు.

ఈ బంద్ 2020 మార్చి 23 నుంచి నడుస్తూ వచ్చింది. మొదట చెప్పింది ఒక్క వారం. తర్వాత ఇంకొన్నాళ్లు, ఆ తర్వాత నెల, ఇంకో నెల. నెలాఖరు దగ్గర పడగానే తేదీ మార్చిన కొత్త కాగితం వస్తూనే ఉండేది. ఒక్కసారి మాత్రం ప్రభుత్వమే తెరిచే తేదీ చెప్పింది. 2021 డిసెంబర్ 15 నుంచి షెడ్యూల్డ్ విమానాలు తిరుగుతాయని నవంబర్ 26న ప్రకటించింది. సరిగ్గా అదే రోజు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒమిక్రాన్‌ను ఆందోళనకర వేరియంట్‌గా ప్రకటించింది. డిసెంబర్ 1కల్లా మన ప్రభుత్వం తన నిర్ణయాన్ని వాయిదా వేసింది. ప్రభుత్వం స్వయంగా ఇచ్చిన తేదీకే దిక్కు లేనప్పుడు, ఎవరూ ఇవ్వని ఫిబ్రవరి 1ని పట్టుకుని అప్పు తెచ్చి టికెట్ కొనడం ఎందుకు?

"మరి సీటు చూపిస్తోంది కదా సార్" అంటారు. అసలు డబ్బు పోయేది ఇక్కడే, కాబట్టి కాస్త ఓపిగ్గా వినండి. ఎయిర్‌లైన్లు తమ షెడ్యూలును నెలల ముందే సిస్టమ్‌లో పెట్టి అమ్మకానికి తెరుస్తాయి. అప్పటికి అనుమతి వస్తుందన్న లెక్కతో పెడతాయి. నేను ఆ సీటు బుక్ చేస్తే పీఎన్ఆర్ వస్తుంది, పక్కన హెచ్‌కే అని కన్ఫర్మ్ స్టేటస్ పడుతుంది, టికెట్ నంబరూ వస్తుంది. అంటే ఎయిర్‌లైన్ మీకు సీటు అమ్మిందని అర్థం. ఆ రోజు ఆ విమానం ఎగరడానికి అనుమతి ఉందో లేదో ఆ టికెట్ చెప్పదు. ఎయిర్ బబుల్ (బంద్ ఉన్నా రెండు దేశాలు మాట్లాడుకుని కొన్ని విమానాలు నడిపే ఒప్పందం) కింద నిజంగా తిరుగుతున్న విమానం, అనుమతి కోసం ఎదురుచూస్తున్న విమానం స్క్రీన్ మీద పక్కపక్కనే ఒకేలా కనిపిస్తాయి. చాలాసార్లు రెండోదాని ధరే తక్కువ. టెన్షన్‌లో ఉన్న మనిషి చౌకగా కనిపించినదాన్నే నొక్కేస్తాడు.

మొన్న మెట్‌పల్లి నుంచి ఒక అమ్మ వచ్చింది. కూతురు డాలస్‌లో ఉంటుంది, జనవరి రెండో వారంలో డెలివరీ. నవంబర్ 26 వార్త చూడగానే కొడుకు ఫోన్‌లో ఏదో వెబ్‌సైట్ తెరిచి డిసెంబర్ 18కి టికెట్ కొన్నాడు. అది రద్దయింది. రిఫండ్ ప్రాసెస్‌లో ఉందన్న మెసేజే తప్ప డబ్బు ఇంకా రాలేదు. ఈలోగా తిరుగుతున్న విమానాల్లో ఛార్జీలు పెరిగిపోయాయి. ఆవిడ నా ఎదురుగా కూర్చుని ప్లాస్టిక్ కవర్‌లోంచి పాస్‌పోర్టు, వ్యాక్సిన్ సర్టిఫికెట్, కూతురి స్కానింగ్ కాగితం ఒక్కొక్కటిగా తీసి టేబుల్ మీద పెట్టింది. "శొంఠి పొడి గూడ కొట్టించి పెట్టిన బిడ్డా, పోతనా, పోనా?" అంది. పోతారు. ఢిల్లీ నుంచి అమెరికాకు ఎయిర్ ఇండియా, యునైటెడ్ విమానాలు బబుల్ కింద అప్పటికి దాదాపు ఏడాదిన్నరగా తిరుగుతూనే ఉన్నాయి. డిసెంబర్ నెలాఖరుకు వాటిలోనే ఒక సీటు దొరికింది. మొదట్లోనే అది కొని ఉంటే ఆ ఇంటికి ఒక టికెట్ డబ్బు ఇరుక్కునేది కాదు, ఆ తల్లికి ఇన్ని నిద్రలేని రాత్రులూ ఉండేవి కావు.

కాబట్టి టికెట్ కొనేముందు ఏజెంటును ఒక్క ప్రశ్న అడగండి: "ఇది ఇప్పుడు తిరుగుతున్న విమానమేనా?" ఆయన మాట మీద నమ్మకం కుదరకపోతే ఫ్లైట్ నంబరు తీసుకుని ఏదైనా ఫ్లైట్ ట్రాకింగ్ సైట్‌లో కొట్టి చూడండి. పోయిన వారం, అంతకుముందు వారం ఆ నంబరు మీద విమానం ఎగిరిందో లేదో అక్కడే కనిపిస్తుంది. ఎగరని విమానానికి ఇప్పుడు డబ్బు కట్టకండి, ఎంత తక్కువకు ఇచ్చినా సరే.

అపోహ: మన దేశం తెరిస్తే చాలు, వెళ్లిపోవచ్చు.

వాస్తవం: ఇక్కడి నుంచి విమానం లేవడానికి అనుమతి వేరు, అక్కడ మిమ్మల్ని లోపలికి రానివ్వడం వేరు. రెండోది ఆ దేశం ఇష్టం. అది మీ వీసాను బట్టి కూడా మారుతుంది. 2021 మే 4 నుంచి నవంబర్ 8 వరకు మనకూ అమెరికాకూ మధ్య విమానాలు ఆగలేదు. అమెరికా పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు వెళ్లారు. తండ్రి అంత్యక్రియలకని వచ్చిన హెచ్-1బి (అమెరికా ఉద్యోగ వీసా) కుర్రాళ్లు మాత్రం మినహాయింపు దొరక్క నెలల తరబడి ఇక్కడే ఉండిపోయారు. యూఏఈ ఏప్రిల్ 24 రాత్రి మూసింది, ఆగస్టు 5న మళ్లీ తీసింది, అదీ మొదట కొందరికే.

ఈ తేడా తెలియనివాళ్లనే దొంగ సబ్-ఏజెంట్లు పట్టుకుంటారు. సౌదీకి నేరుగా దారి లేని రోజుల్లో మూడో దేశంలో 14 రోజులు ఉండి వెళ్లే పద్ధతి నడిచింది. అది చట్టప్రకారం తప్పు కాదు. కానీ మధ్యలో ఆ దేశం తలుపు మూస్తే మనిషి గతేమిటో ఎవరూ చెప్పలేదు. 2021 ఫిబ్రవరిలో సౌదీ 20 దేశాల నుంచి రాకను ఆపేసింది. అందులో మనతోపాటు యూఏఈ కూడా ఉంది. దుబాయ్‌లో రోజులు లెక్కపెట్టుకుంటున్న మనవాళ్లు అక్కడే చిక్కుకున్నారు. ఏప్రిల్ నెలాఖరులో నేపాల్ కూడా, మూడో దేశానికి పోయేవాళ్లు తమ మీదుగా రావద్దంది. ధర్మపురి దగ్గరి ఊరి తమ్ముడు ఒకడు అప్పుడు ఖాట్మండులో ఉన్నాడు. లక్షన్నర తీసుకున్న సబ్-ఏజెంటు ఫోన్ స్విచాఫ్. హోటల్ గదిలో పదిమంది కలిసి అన్నం వండుకుంటున్న వీడియో పంపి, "అన్నా, ఇంట్ల చెప్పకు" అన్నాడు. అలాంటి పిల్లల్ని చూశాక, ‘గ్యారంటీ ప్యాకేజీ’ అనే మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. ఇప్పుడు ఆ పద్ధతితో పనే లేదు. 2021 డిసెంబర్ 1 నుంచి సౌదీ మనవాళ్లను నేరుగా రానిస్తోంది. ఇంకా మాల్దీవుల మీదుగా పంపుతానని ఎవరైనా లక్షలు అడిగితే ఇవ్వకండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

కొవాగ్జిన్ వేసుకుంటే అమెరికా రానివ్వదన్నది పాత మాట. 2021 నవంబర్ 3న ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అత్యవసర వినియోగ జాబితాలో చేర్చింది, అమెరికా ఒప్పుకుంది.

ఒక ఆర్‌టీ-పీసీఆర్ (కొవిడ్ టెస్టు) రిపోర్టు అన్ని దేశాలకూ పనికొచ్చేది కాదు. అమెరికాకు 2021 డిసెంబర్ 6 నుంచి ప్రయాణానికి ఒక రోజు ముందు చేయించిన టెస్టు అడిగేవాళ్లు. దుబాయ్‌కి 48 గంటల్లోపుది, క్యూఆర్ కోడ్‌తో. అది కాక శంషాబాద్‌లో విమానం ఎక్కే ముందు ర్యాపిడ్ పీసీఆర్. తిరిగి ఇండియాకు వచ్చేటప్పుడు 72 గంటల్లోపు రిపోర్టు, ఎయిర్ సువిధ అనే ఆన్‌లైన్ ఫారం ఉండాల్సి వచ్చేది.

రెండు డోసులైతే చాలనుకోకండి, సర్టిఫికెట్‌లో పేరు చూసుకోండి. ఆధార్‌లో చాలామందికి ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది, కొవిన్ (టీకా సర్టిఫికెట్ ఇచ్చే ప్రభుత్వ సైటు)లోకి అదే ఎక్కుతుంది. పాస్‌పోర్టులో మాత్రం ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. కొవిన్‌లోనే లాగిన్ అయి పాస్‌పోర్టు నంబరు జత చేసుకోవచ్చు, పేరు దిద్దుకోవచ్చు. ఉచితం. దీనికి డబ్బు అడిగేవాళ్ల దగ్గరికి పోవద్దు.

అపోహ: ఇఖామా (సౌదీలో ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డు) గడువు దానంతట అదే పొడిగిస్తారు.

వాస్తవం: సౌదీ ప్రభుత్వం ఇక్కడ చిక్కుకున్నవాళ్ల ఇఖామా, ఎగ్జిట్ రీ-ఎంట్రీ (ఇంటికి వచ్చి మళ్లీ సౌదీకి వెళ్లే వీసా) గడువులను కొన్నిసార్లు ఉచితంగా పొడిగించిన మాట నిజమే. అది మీ పేరు మీద ఎక్కిందో లేదో చూసుకోవాల్సింది మాత్రం మీరే. 2022 జనవరి 1 నుంచి సౌదీతో ఎయిర్ బబుల్ మొదలవుతోంది కాబట్టి ఈ రెండు వారాల్లో సీట్ల కోసం తోపులాట తప్పదు. మీకున్న భయం నాకు తెలుసు. రెండేళ్లుగా ఇంటి దగ్గర ఉండి, భార్య మెడలో పుస్తెలతాడు కూడా తాకట్టు పెట్టినవాళ్లు మా కౌంటర్‌కి వస్తున్నారు. అందుకే చెప్తున్నా, ముందు టికెట్ కాదు. కఫీల్‌కి (సౌదీలో మీ స్పాన్సర్‌కి) ఫోన్ చేసి అబ్షెర్ అనే సౌదీ ప్రభుత్వ యాప్‌లో మీ ఇఖామా, రీ-ఎంట్రీ తేదీలు చూసి స్క్రీన్‌షాట్ పంపమనండి. రెండు గడువులూ ప్రయాణం రోజు తర్వాత కూడా ఉంటే పాస్‌పోర్టు తీసుకుని రండి, ఏ విమానం తిరుగుతోందో కూర్చుని చూద్దాం.