ఆ టిక్కుల వెనక ఉన్నది జీవితమేనా?

మందు పనిచేసిందా లేదా అన్నది రక్తపరీక్ష చెప్తుంది, స్కాన్ చెప్తుంది, కానీ ఆ మనిషి రోజు ఎలా గడుస్తోంది, నిద్ర పడుతోందా, నలుగురిలోకి వెళ్ళగలుగుతున్నారా అన్నది ఏ మెషీనూ చెప్పలేదు, మనిషినే అడగాలి. అందుకే క్వాలిటీ ఆఫ్ లైఫ్ ప్రశ్నాపత్రాలు వచ్చాయి. 1992 నాటి ఎస్ఎఫ్-36 అనే ఫారంలో 36 ప్రశ్నలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చిన్న ఫారంలో 26. టిక్కులన్నీ స్కోరుగా మారుస్తారు, ఏ చికిత్స మేలు అన్న వాదనల్లో ఆ స్కోరుని ముందు పెడతారు, మరి అది నిజంగా కొలవాల్సిందాన్నే కొలుస్తోందా? వ్యాలిడిటీ అంటే ఇదే.

చాలా రిపోర్టుల్లో ముందు కనపడేది క్రోన్‌బాక్ ఆల్ఫా అనే లెక్క, 1951 నుంచీ ఉంది, 0.7 దాటితే ఓకే అంటారు. కానీ అది చెప్పేది ప్రశ్నలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయని మాత్రమే. దిగులుగా ఉందా, బెంగగా ఉందా, మనసు బాలేదా అని ఒకే మాటని అటూఇటూ తిప్పి అడిగితే ఆల్ఫా ఎలాగూ పెరుగుతుంది, ఆ నంబర్ చూసి ఫారం బాగుందనేస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

నా దృష్టిలో అసలు పరీక్ష పేషెంట్ పక్కన కూర్చుని చేసేది. ప్రశ్న చదివి, మీకేం అర్థమైందో, ఏం ఆలోచించి టిక్కు పెట్టారో పైకి చెప్పండి అని అడుగుతారు. మెట్లెక్కడానికి ఇబ్బందా అన్న ప్రశ్నకి ఒకావిడ ‘అస్సలు లేదు’ అని పెట్టారనుకోండి. ఎందుకు అని అడిగితే, ఆయాసం వస్తోందని మంచం కింది అంతస్తుకి మార్చేసుకున్నాను, మెట్లెక్కే పనే లేదు అంటారు. ఆవిడ అబద్ధం చెప్పలేదు, కానీ స్కోరులో మాత్రం పూర్తి ఆరోగ్యం. ఇది ఏ లెక్కలోనూ బయటపడదు. ఎస్ఎఫ్-36లోనే ఓ మోస్తరు శ్రమకి ఉదాహరణల్లో గోల్ఫ్ ఆడటం ఉంది, గోల్ఫ్ ఎరగని మనిషి దానికేం టిక్కు పెడతారు? అందుకే అనువాదం అంటే మాట మార్చడం ఒక్కటే కాదు, ఆ మనుషులు రోజూ చేసే అంతే శ్రమ ఉన్న పని వెతకాలి, తర్వాత మళ్ళీ పక్కన కూర్చుని వినాలి.

లెక్కల పరీక్షలూ కావాలి. నొప్పి స్కోరు ఇంకో నమ్మకమైన నొప్పి స్కేలుతో కలిసి నడవాలి, సంబంధం లేనివాటితో అంతగా నడవకూడదు, ఈ రెండు వైపులా చూడాలని క్యాంప్‌బెల్, ఫిస్క్ అనే సైకాలజిస్టులు 1959లోనే చెప్పారు. జబ్బు ముదిరినవాళ్ళకీ తేలికగా ఉన్నవాళ్ళకీ స్కోరులో తేడా కనపడాలి. ఎక్కువమందికి మొదట్లోనే ఫుల్ మార్కులు వచ్చేస్తే ఇక మెరుగుదల చూపించడానికి చోటే ఉండదు.

అన్నిటికన్నా చిక్కు, మనిషి లోపలి కొలతే మారిపోవడం. దీన్ని రెస్పాన్స్ షిఫ్ట్ అంటారు. ఏడాది కిందట ‘బాగుంది’ అంటే పరుగెత్తగలగడం, ఇప్పుడు అదే ‘బాగుంది’ అంటే మనవడిని ఒళ్ళో కూర్చోబెట్టుకోగలగడం, టిక్కు పడింది మాత్రం రెండుసార్లూ ఒకే గడిలో. కొందరు పరిశోధకులు అప్పటి పరిస్థితికి ఇప్పటి కొలతతో మళ్ళీ మార్కు వెయ్యమంటారు, కానీ అప్పుడెంత బాధపడ్డారో మనిషికి సరిగ్గా గుర్తుండదు.