ట్రెక్కింగ్ షూ కొనేముందు: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

ట్రెక్ లీడర్‌గా నాకొచ్చే ఫోన్లలో సగం షూ గురించే. "అన్నా, ఉత్తరాఖండ్‌లో మంచుకొండ కేదార్‌కంఠకి వెళ్తున్నాం, ఏ బ్రాండ్ కొనమంటావ్?" పేరు చెప్పేస్తే అరనిమిషంలో తేలిపోయే మాట. కానీ అలా పేరు విని కొనుక్కొచ్చినవాళ్ళే రెండో రోజు దిగుడులో బొటనవేలు పట్టుకుని బండ మీద కూర్చుంటారు. ఒకే కంపెనీ, ఒకే మోడల్ ఇద్దరు వేసుకుంటే ఒకరు హాయిగా దిగొస్తారు, ఇంకొకరు కుంటుకుంటూ వస్తారు. అందుకే ఫోన్ చేసినవాళ్ళని ముందు రెండే అడుగుతాను: దారిలో నీళ్ళుంటాయా, మంచుంటుందా, రాయి ఉంటుందా? మీ పాదం వెడల్పు ఎంత? బ్రాండ్ సంగతి ఆ తర్వాతే.

షాపుల్లో, వీడియోల్లో తిరుగుతూ నా దాకా వచ్చే మాటలు కొన్ని ఇక్కడ పెడుతున్నాను.

అపోహ: ఎత్తు బూటు లేకపోతే కాలు బెణుకుతుంది

కాలు బెణికేది ఎక్కువగా అలసిపోయి అడుగు చూసుకోనప్పుడు. లేదా సోల్ మరీ మెత్తగా, మరీ ఎత్తుగా ఉండి రాయి అంచు మీద ఒరిగిపోయినప్పుడు. చీలమండ చుట్టూ ఉండే మెత్తటి గుడ్డకి ఆ ఒరుగుడిని ఆపేంత బలం ఉండదు. 1993లో అమెరికాలో ఆరు వందల మందికి పైగా కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళకు ఎత్తు షూ, పొట్టి షూ పంచి గమనిస్తే బెణుకుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కొండదారి, ఆటస్థలం ఒకటి కావు, ఒప్పుకుంటాను. అయినా ఎత్తు బూటు వేశాం కదా అని నిశ్చింతగా కాలు పారేస్తూ నడవడానికి మాత్రం ఆధారం లేదు.

ఎత్తు బూటు ఉపయోగాలు వేరే ఉన్నాయి. నల్లమలలో ముళ్ళకంప గీరుకోదు, గడ్డిగింజలు సాక్స్‌లోకి దూరవు. మంచు లోపల పడదు. ఐదారు రోజులు బరువైన బ్యాగు మోసేవాళ్ళకి గట్టి సోల్ ఆసరాగా ఉంటుంది. అదే వికారాబాద్ అనంతగిరిలో ఒక పూట నడకకి నీళ్ళ బాటిల్ తప్ప బరువు లేనప్పుడు, జత కిలోన్నర ఉండే తోలుబూటు దేనికి? వీపు మీద కిలో కన్నా పాదాల మీద కిలో ఎన్నో రెట్లు అలుపు తెస్తుంది. ప్రతి అడుగుకీ దాన్ని ఎత్తి, ఊపి, దించాలి మరి. అలాంటి దారికి జత ఆరేడు వందల గ్రాములుండే ట్రెయిల్ రన్నింగ్ షూ, అంటే మట్టిదారుల్లో పరిగెత్తడానికి చేసిన తేలికపాటి షూ చాలు. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ళ అమెరికన్ ఆవిడ మూడు వేల కిలోమీటర్లకు పైగా ఉన్న అపలాచియన్ ట్రెయిల్ అనే కొండదారిని గుడ్డ షూలతోనే ఒంటరిగా నడిచేసింది. దారిలో ఆ షూలు ఎన్ని జతలు అరిగిపోయాయో కూడా గుర్తుంచుకోండి, గుడ్డ షూ కొనమని నేను చెప్పట్లేదు!

ఇంతకుముందే చీలమండ బెణికినవాళ్ళు మాత్రం ఫిజియోథెరపిస్టుని కలిసి, ఒంటికాలి మీద నిలబడే వ్యాయామాలు మొదలుపెట్టండి. కొత్త బూటు కన్నా అది ముందు చేయాల్సిన పని.

అపోహ: వాటర్‌ప్రూఫ్ షూ ఎక్కడికైనా మంచిదే

ఎక్కువమంది అనవసరంగా డబ్బు పోసేది ఇక్కడే. వాటర్‌ప్రూఫ్ షూ లోపల పలుచటి పొర ఒకటి ఉంటుంది. గోర్‌టెక్స్ లాంటివన్నమాట. అందులోని రంధ్రాలు నీటిచుక్కని రానివ్వవు కానీ చెమట ఆవిరిని బయటికి పోనిస్తాయి. ఆవిరి బయటికి పోవాలంటే షూ లోపలి కన్నా బయట గాలిలో తేమ తక్కువ ఉండాలి. జులైలో సహ్యాద్రి కొండల్లో, హరిశ్చంద్రగడ్ లాంటి చోట గాలే తడిసి ముద్దయి ఉంటుంది. అక్కడ చెమట ఎటు పోతుంది? లోపలే ఉండిపోతుంది. వాన నుంచి తప్పించుకున్నా సాక్స్ తడిసేది తడిసేదే.

దానికి తోడు, నీళ్ళు ఎప్పుడూ ముందు నుంచే రావు. నాగలాపురం ట్రెక్ తీసుకోండి. అక్కడ దారే వాగు. మోకాలి లోతు నీళ్ళలో ఒక్కసారి దిగితే షూ పైభాగం నుంచి నిండిపోతుంది. బయటి నీటిని ఆపే ఆ పొరే ఇప్పుడు లోపలి నీటిని బయటికి పోనివ్వదు. సాయంత్రం దాకా పచక్ పచక్‌మంటూ నడవాలి. జాలీ గుడ్డ షూ అయితే వాగు దాటిన పది నిమిషాల్లో నీళ్ళు చాలావరకు కారిపోతాయి.

మొదటి వాగు దగ్గర నేను ప్రతిసారీ చూసే దృశ్యం ఒకటుంది. ఖరీదైన వాటర్‌ప్రూఫ్ షూ వేసుకున్నవాళ్ళు అది తడవకూడదని ఒక రాయి మీంచి ఇంకో రాయి మీదకి గెంతుతారు. ఆ రాళ్ళ మీద పాచి. పడేది వాళ్ళే. మామూలు షూ వేసుకున్నవాళ్ళు నేరుగా నీళ్ళలో దిగి, అడుగు మట్టు చూసుకుంటూ నిదానంగా దాటేస్తారు.

మరి వాటర్‌ప్రూఫ్ ఎక్కడ కావాలి? మంచులో. డిసెంబర్, జనవరి నెలల్లో కేదార్‌కంఠ లాంటి చోట చలికి గాలిలో తేమ తక్కువ, షూ మీద మంచు కరుగుతూ ఉంటుంది, తడిసిన వేళ్ళు ప్రమాదం. అక్కడ ఆ డబ్బు సద్వినియోగమే. హిమాచల్‌లోని హంప్టా పాస్ దారిలో వచ్చే చల్లటి వాగుల దగ్గర మాత్రం షూ విప్పి మెడలో వేసుకుని, మడమ వెనక పట్టీ ఉన్న శాండిల్స్‌తో దాటండి. ఒట్టి పాదాలతో దిగొద్దు. ఆ చల్లదనానికి పాదం మొద్దుబారితే కింద రాయి ఎక్కడుందో కూడా తెలియదు.

అపోహ: నా సైజు ఎనిమిది. బిగుతుగా ఉన్నా వాడితే సాగుతుంది

తోలు వెడల్పులో కాస్త సాగుతుంది. పొడవులో ఏ షూ సాగదు. సింథటిక్ షూ వెడల్పులో సాగేదీ అంతంత మాత్రమే. ఇక ఎనిమిది అన్నది ఒక్కో కంపెనీకి ఒక్కో కొలత.

మనకి ఇంకో చిక్కు ఉంది. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబర్ నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల లక్ష మందికి పైగా పాదాలు కొలిచింది. యూరప్, అమెరికా వాళ్ళతో పోలిస్తే మన పాదాలు వెడల్పని తేలింది. ఆ సర్వే ఆధారంగానే "భా" పేరుతో భారతీయ సైజుల పద్ధతిని ప్రతిపాదించారు. మనం కొనే ట్రెక్కింగ్ షూ చాలావరకు విదేశీ అచ్చుల మీద తయారైనవి. అందుకే చిటికెన వేలు నొక్కుకుపోతుంటే మనవాళ్ళు ఒక సైజు పెద్దది తీసుకుంటారు. వేలికి చోటు దొరుకుతుంది, మడమ మాత్రం లోపల జారడం మొదలవుతుంది. మడమ జారితే బొబ్బ ఖాయం. పెద్ద సైజు కన్నా "వైడ్" అని రాసి ఉన్న మోడల్ వెతకడం నయం.

షాపుకి సాయంత్రం వెళ్ళండి, రోజంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బుతుంది. ట్రెక్‌కి వేసుకునే సాక్సే తీసుకెళ్ళండి. ముందు షూలోంచి ఇన్‌సోల్ (పాదం కింద ఉండే మెత్తటి అట్ట) బయటికి తీసి నేల మీద పెట్టి, దాని మీద నిలబడండి. పాదం పక్కలకి పొర్లిపోతుంటే ఆ షూ అక్కడే వదిలేయండి, తొడిగి చూడాల్సిన పని కూడా లేదు. సరిపోతే తొడిగి, లేస్ కట్టకుండా వేళ్ళు ముందు గోడకి తగిలేలా పాదం జరపండి. మడమ వెనక మీ చూపుడువేలు పట్టాలి. తర్వాత లేస్ గట్టిగా కట్టి షాపు మెట్లు లేదా పార్కింగ్ ర్యాంప్ దిగండి. ఎక్కడం ఏ షూతోనైనా బాగానే ఉంటుంది, గుట్టు బయటపడేది దిగేటప్పుడే. వేళ్ళు ముందుకి కొట్టుకుంటున్నాయా? సేల్స్ కుర్రాడు ఎంత బతిమాలినా తీసుకోవద్దు. నాలుగు గంటల దిగుడులో ఆ చిన్న తాకిడే గోరు కింద రక్తం గడ్డకట్టించి నల్లగా మారుస్తుంది, నెలా రెండు నెలల్లో గోరు ఊడొస్తుంది.

షూ సరైనదే అయినా దిగుడులో పాదం ముందుకి జారుతుంటే లేస్ కట్టే పద్ధతి మార్చండి. పైన చివరి రెండు రంధ్రాలున్నాయి కదా, లేస్‌ని అడ్డంగా తీసుకెళ్ళకుండా అదే పక్కనున్న పై రంధ్రంలోకి దూర్చి చిన్న ఉచ్చులా వదలండి. రెండో వైపూ అంతే. ఇప్పుడు ఎడమ లేస్ కొనని కుడి ఉచ్చులోంచి, కుడి కొనని ఎడమ ఉచ్చులోంచి లాగి, మడమని షూ వెనక్కి ఆనించి బిగించి ముడేయండి. మడమ కదలదు. దిగుడు మొదలయ్యే చోట నేను గుంపు మొత్తాన్ని ఆపి ఇది చేయిస్తాను.

అపోహ: సోల్ కింద గాళ్ళు ఎంత లోతుంటే అంత పట్టు

బురదలో నిజమే, వదులు మట్టిలోనూ నిజమే. భువనగిరి కోట లాంటి ఏకశిల మీద ఎండిన గ్రానైట్‌కి మాత్రం రబ్బరు ఎంత ఎక్కువ ఆనితే అంత పట్టు. లోతు గాళ్ళ సోల్ అక్కడ కొనల మీదే నిలబడుతుంది. 1935లో ఆల్ప్స్‌లో ఆరుగురు తోటి పర్వతారోహకులు చనిపోయాక, సరైన బూట్లు లేకపోవడమూ ఒక కారణమని గుర్తించి ఇటలీకి చెందిన విటాలె బ్రమాని రబ్బరు గాళ్ళ సోల్ తయారుచేశాడు. సోల్‌లు తయారుచేసే విబ్రమ్ కంపెనీ పేరు అతని పేరులోంచే వచ్చింది. సోల్ మీద ఆ కంపెనీ పసుపు ముద్ర కనిపిస్తే చాలు, జారదనుకుంటారు జనం. విబ్రమ్‌లోనూ గట్టి రబ్బరు, మెత్త రబ్బరు అని రకాలున్నాయి. మెత్తది రాయిని బాగా పట్టుకుంటుంది, తొందరగా అరుగుతుంది. గట్టిది ఏళ్ళ తరబడి ఉంటుంది, తడి బండ మీద జారుతుంది. రెండూ ఒకే సోల్‌లో పూర్తిగా దొరకవు. షాపులో బొటనవేలి గోరుతో సోల్‌ని నొక్కి చూడండి. కొంచెమైనా దిగకుండా ప్లాస్టిక్‌లా ఉంటే తడి రాతికి పనికిరాదు.

పాచి పట్టిన రాయి మీద ఏ సోలూ నిలవదు. కర్ర వాడండి, తప్పదనుకుంటే కూర్చుని జరగండి, సిగ్గేం లేదు.

అపోహ: కాటన్ సాక్స్ చెమట పీలుస్తుంది కాబట్టి మంచిది

పీలుస్తుంది, అక్కడే ఉంచుకుంటుంది. తడిసిన చర్మం మెత్తబడి తొందరగా బొబ్బెక్కుతుంది. మెరినో ఉన్ని గానీ, పాలిస్టర్, నైలాన్ కలిసిన స్పోర్ట్స్ సాక్స్ గానీ తీసుకోండి. ఒరిపిడి మొదలైన చోట మంట తెలుస్తుంది. పదిమంది ముందు ఆగడానికి మొహమాటపడి "క్యాంప్‌కి వెళ్ళాక చూద్దాంలే" అనుకుంటే అప్పటికి బొబ్బ లేచిపోతుంది. మెడికల్ షాపులో మైక్రోపోర్ అని అడిగితే ఇచ్చే కాగితపు టేపుని మంట తెలియగానే అక్కడ అంటించండి. మంట మొదలవ్వకముందే, పొద్దున్నే వేసుకుంటే ఇంకా మంచిది. 250 కిలోమీటర్ల పరుగు పందేల్లో దాన్ని పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. టేపు వేసిన చోట బొబ్బలు దాదాపు 40 శాతం తగ్గాయి. అంత చవకైన మందు ఇంకోటి లేదు.

చలికి రెండు జతల మందపాటి సాక్స్ వేస్తారు కొందరు. షూలో చోటు లేకపోతే రక్తప్రసరణ తగ్గి వేళ్ళు ఇంకా చల్లబడతాయి. ఒక్క మంచి ఉన్ని జత వేసుకుని, లోపల వేళ్ళు ఆడేంత చోటు ఉంచుకోండి.

అపోహ: తిరుమల మెట్లు ఒట్టి కాళ్ళతో ఎక్కుతాం, నల్లమలలో చెంచులు చెప్పులతో తిరుగుతారు, మనకెందుకివన్నీ?

తిరుమల మెట్లు చెక్కిన మెట్లు, నడక ఒక పూటది. చెంచుల పాదాలు చిన్నప్పటి నుంచి ఆ నేల మీదే గట్టిపడ్డాయి. ఏడాదంతా ఆఫీసు షూలో ఉన్న పాదాన్ని తీసుకొచ్చి నల్లమలలోని సలేశ్వరం దిగుడులో చెప్పులతో వదిలితే ఏమవుతుందో జాతర రోజు ఆ లోయలో చూడొచ్చు.

అపోహ: మంచి షూ కొంటే పదేళ్ళు నిశ్చింత

వాడకపోయినా పాడయ్యే షూ ఉంటాయి. చాలా బూట్లలో సోల్‌కీ పాదానికీ మధ్య ఉండే మెత్తటి పొర పాలియూరితేన్. గాలిలోని తేమతో అది మెల్లగా విచ్ఛిన్నమవుతుంది. డబ్బాలో పెట్టి అటకెక్కించిన షూకి ఇది ఇంకా తొందరగా జరుగుతుంది, విశాఖ లాంటి తీరప్రాంతంలో మరీను. చూడ్డానికి కొత్తగానే ఉంటుంది. నడక మొదలెట్టిన గంటకి ఆ పొర నానిన బిస్కెట్‌లా పొడిపొడిగా రాలి, సోల్ నోరు తెరుస్తుంది. ఐదారేళ్ళ పాత షూ ఉంటే ట్రెక్‌కి రెండు వారాల ముందే తీసి, మధ్య పొరని వేలితో గట్టిగా నొక్కి చూడండి. పగుళ్ళు కనిపించినా, పిండిలా రాలినా పక్కన పెట్టేయండి. బాగుంటే నాలుగు రోజులు వీధిలో నడవండి.

అంటించిన సోల్ ఊడకుండా వీధి చివర చెప్పులు కుట్టే అతని దగ్గర చుట్టూ నైలాన్ దారంతో కుట్టు వేయించడం మంచి అలవాటే. మామూలు షూకి తప్పకుండా వేయించండి. వాటర్‌ప్రూఫ్ షూకి వద్దు, సూది లోపలి పొరని పొడిచేస్తుంది. తడిసిన షూని క్యాంప్‌ఫైర్ పక్కన పెట్టకండి, జిగురు వదిలేస్తుంది. ఇన్‌సోల్ తీసి, లోపల న్యూస్‌పేపర్ కుక్కి, తడిసిన కాగితం మారుస్తూ నీడలో ఆరబెట్టండి.

అపోహ: షూ ఎందుకు కొనడం, బేస్ క్యాంప్‌లో అద్దెకిస్తారుగా

ఇస్తారు. కేదార్‌కంఠకి వెళ్ళే సాంక్రి ఊళ్ళో అన్నీ దొరుకుతాయి. మంచు మీద షూకి తొడిగే స్పైక్స్, కాలికి చుట్టే గైటర్లు, కర్రలు నిరభ్యంతరంగా అద్దెకి తీసుకోండి. ఏడాదికి ఒక్కసారి వాడే వాటికి డబ్బు పెట్టక్కర్లేదు. షూ మాత్రం అప్పటికే ఎందరి పాదాలకో వంగి ఉంటుంది. సెలవుల రద్దీలో మీ సైజు మిగలకపోవచ్చు కూడా. స్పైక్స్ తీసుకునేటప్పుడు మీ షూ మీద అక్కడికక్కడే తొడిగి, నాలుగడుగులు వేసి, రబ్బరు పట్టీ తెగేలా ఉందేమో చూసుకున్నాకే డబ్బులివ్వండి.