డేటా ఫ్రేమ్‌ల మీద కొన్ని అపోహలు, అసలు సంగతులు

అపోహ: డేటా ఫ్రేమ్ అంటే కోడ్‌లో ఎక్సెల్ షీటే.

వాస్తవం: డేటా ఫ్రేమ్ అంటే ప్రోగ్రామ్‌లో డేటాను వరుసలు, కాలమ్‌లుగా ఉంచే అమరిక. పైకి రెండూ పట్టికలే. కానీ ఎక్సెల్ గడిలో ఏది రాసినా పడుతుంది, పైగా అది తనకు తోచినట్టు మార్చేస్తుంది కూడా. మార్చ్1, సెప్ట్2 లాంటి జన్యువుల పేర్లు తేదీలుగా మారిపోతుంటే, చివరికి ఆ పేర్లనే మార్చుకోవాల్సి వచ్చింది. డేటా ఫ్రేమ్‌లో ఒక్కో కాలమ్‌కు ఒక రకం ఉంటుంది. ఇది టెక్స్ట్ అని మీరు చెబితే టెక్స్ట్‌గానే ఉంటుంది.

అపోహ: ఉన్నవి సంఖ్యలే కదా, నంపై అర్రే (పైథాన్‌లో సంఖ్యలను దాచే జాబితా లాంటిది) సరిపోతుంది.

వాస్తవం: ఎక్కువ నష్టం చేసేది ఈ అపోహే. పీడనం ఒక అర్రేలో, ఉష్ణోగ్రత ఇంకో అర్రేలో, సమయం మరోదానిలో పెట్టారనుకోండి. ఒకదాన్ని సార్ట్ చేసి మిగతావి మరిచిపోతే ప్రోగ్రామ్ ఆగదు, ఎర్రర్ రాదు, గ్రాఫ్ కూడా వస్తుంది. తప్పు గ్రాఫ్! డేటా ఫ్రేమ్‌లో వరుస మొత్తం కలిసే కదులుతుంది. పైథాన్‌లో డేటా ఫ్రేమ్‌లు అందించే లైబ్రరీ పాండాస్ ఇంకో మెట్టు పైన ఉంటుంది: సమయాన్ని ఇండెక్స్‌గా (వరుసల గుర్తింపుగా) పెట్టి రెండు సెన్సర్ల రీడింగులు కూడితే, వరుస సంఖ్యను కాక సమయాన్ని చూసి జత కలుపుతుంది. జత దొరకని చోట ఖాళీ కనిపిస్తుంది. రెండు సెన్సర్ల సమయాలు కచ్చితంగా కలవకపోతే, దగ్గరి సమయంతో జత చేయడానికి పాండాస్‌లో మెర్జ్_యాజాఫ్ అనే ఫంక్షన్ ఉంది. కొలతను దాని గుర్తింపు నుంచి విడిపోనివ్వకపోవడమే డేటా ఫ్రేమ్ చేసే అసలైన మేలు.

అపోహ: లేని విలువల సంగతి అదే చూసుకుంటుంది.

వాస్తవం: పాండాస్‌లో సగటు తీస్తే ఖాళీలను చెప్పకుండా వదిలేస్తుంది. గణాంకాల భాష ఆర్‌లో మీరు ప్రత్యేకంగా చెప్పకపోతే జవాబుగా ఎన్ఏ (విలువ లేదు అని) వస్తుంది. నాకు ఆర్ పద్ధతే నచ్చుతుంది, అడిగి మరీ చేస్తుంది కాబట్టి. ఏది వాడినా సగటు కంటే ముందు ఖాళీలు లెక్కపెట్టండి.

అపోహ: ఇది పాండాస్‌తో వచ్చిన కొత్త ఫ్యాషన్.

వాస్తవం: కాదు. 1990ల మొదట్లోనే అమెరికా పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్ వారి గణాంకాల భాష ఎస్‌లో ఉంది. అక్కడి నుంచి ఆర్‌కు వచ్చింది. వెస్ మెకిన్నీ పాండాస్ మొదలుపెట్టింది 2008లో.

అపోహ: ఏ డేటానైనా ఇందులో పెట్టొచ్చు.

వాస్తవం: చిత్రాలకు, మూడు కొలతల (3డి) గ్రిడ్‌లకు అర్రేలే మేలు. మెమరీ కూడా చూసుకోవాలి: 10 కోట్ల వరుసలు, 10 దశాంశ కాలమ్‌లు అంటే 8 జీబీ. ఇంకొకటి, మామూలు డేటా ఫ్రేమ్‌కు యూనిట్లు తెలియవు. పీడనం యూనిట్లైన బార్‌ను, పాస్కల్‌ను నిరభ్యంతరంగా కూడేస్తుంది. అందుకే కాలమ్ పేరులోనే యూనిట్ రాయండి: ‘పీడనం_బార్’ అని.