కాంప్లెక్స్ ఈవెంట్ ప్రాసెసింగ్: హైప్ పోయింది, పని మిగిలింది

బ్యాంకు మోసాలను పట్టుకునే సిస్టమ్‌ల మీద పనిచేసేవాళ్లకి రెండు రకాల మాటలు తరచూ వినబడుతుంటాయి. వెండర్ వచ్చి, మా ఇంజిన్ పెట్టుకుంటే మోసం జరుగుతుండగానే దొరికిపోతుందంటాడు. కొత్తగా చేరిన ఇంజనీరేమో, కాంప్లెక్స్ ఈవెంట్ ప్రాసెసింగ్ (సీఈపీ) పాత సరుకు కదండీ, ఇప్పుడంతా కాఫ్కా (ఈవెంట్లను మోసుకొచ్చే సాఫ్ట్‌వేర్), ఏఐ అంటాడు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది, అందుకే ఈ అపోహలు అంత తేలిగ్గా పోవు.

ముందు అసలు విషయం. కొత్త ఫోన్లో మొబైల్ బ్యాంకింగ్ యాప్ రిజిస్టర్ అయింది. కాసేపటికి కొత్త బెనిఫిషియరీ చేరాడు. లిమిట్ పెరిగింది. వెంటనే పెద్ద మొత్తం బయటికి వెళ్లింది. వీటిలో ఏ ఒక్కటి చూసినా తప్పు కనబడదు. ఈ నాలుగూ ఇదే వరసలో, అరగంట లోపల, ఒకే కస్టమర్ ఖాతాలో జరిగితే మాత్రం అనుమానించాలి. అలాంటి వరసను ఈవెంట్లు వస్తుండగానే గుర్తించడమే సీఈపీ.

అపోహ: సీఈపీ అంటే స్పీడ్.

స్పీడ్ అనే ఈ పేరు రావడానికి కారణం షేర్ ట్రేడింగ్. 1999లో కేంబ్రిడ్జ్‌లో మొదలైన అపామా లాంటి కంపెనీలు తమ ఇంజిన్లను ఆల్గో ట్రేడింగ్‌కి, అంటే ప్రోగ్రామ్‌లే షేర్లు కొని అమ్మే పనికి, అమ్మాయి. అక్కడ మిల్లీసెకన్లే డబ్బు. దాంతో బ్రోషర్ల నిండా లేటెన్సీ (ఎంత ఆలస్యమవుతుందనే) అంకెలే.

వాస్తవం: మా పనిలో నిద్ర పట్టనివ్వనిది స్పీడ్ కాదు, టైమ్. పైన చెప్పిన నాలుగు ఈవెంట్లు నాలుగు వేర్వేరు సిస్టమ్‌ల నుంచి వస్తాయి. లిమిట్ పెరిగిన సమాచారం నలభై సెకన్లు ఆలస్యంగా వస్తే, ఇంజిన్‌కి ముందు డబ్బు వెళ్లినట్టు, తర్వాత లిమిట్ పెరిగినట్టు కనబడుతుంది. వరస తారుమారైంది కాబట్టి ప్యాటర్న్ దొరకదు. అందుకే ఈవెంట్ మనకు చేరిన టైమ్ కాకుండా అది జరిగిన టైమ్ చూడాలి. ఫలానా టైమ్ వరకు జరిగినవన్నీ వచ్చేసినట్టేనని సిస్టమ్ వేసుకునే అంచనా పేరు వాటర్‌మార్క్. గూగుల్ 2015లో ప్రచురించిన డేటాఫ్లో పేపర్ ఈ ఆలోచనను అందరికీ అందుబాటులోకి తెచ్చింది.

వాటర్‌మార్క్‌కీ తన తలనొప్పులు ఉన్నాయి. కాఫ్కా ఈవెంట్లను పార్టిషన్లనే పాయలుగా విడదీసి పంపుతుంది. రాత్రి రెండింటికి అలాంటి ఒక పార్టిషన్‌లో ట్రాఫిక్ ఆగిపోయిందనుకోండి. ఆ ఖాళీ పార్టిషన్‌ని పక్కన పెట్టమని విడిగా చెప్పకపోతే ఫ్లింక్ అనే స్ట్రీమ్ ప్రాసెసింగ్ ఇంజిన్‌లో మొత్తం వాటర్‌మార్క్ అక్కడే నిలిచిపోతుంది, విండోలు (ఈవెంట్లను లెక్కించే టైమ్ ముక్కలు) మూసుకోవు, అలర్టులు రావు. ఎర్రర్ కూడా ఉండదు. డ్యాష్‌బోర్డు పచ్చగానే కనబడుతుంది, అదే అసలు టెన్షన్.

ఇక జరగని ఈవెంట్ల సంగతి. అకౌంట్లో డబ్బులు కట్ అయ్యాయి, అవతలివాళ్లకి చేరలేదు. దీన్ని పట్టుకోవాలంటే రూల్ ఇలా ఉండాలి: డెబిట్ జరిగి ఐదు నిమిషాలైనా క్రెడిట్ రాలేదు. ఎంత ఖరీదైన మెషీన్ పెట్టినా ఆ ఐదు నిమిషాలూ ఆగాల్సిందే, ఆలస్యంగా వచ్చేవాటి కోసం ఇంకాస్త కూడా.

అపోహ: బొమ్మలు లాగి వదిలితే చాలు, బిజినెస్ టీమే రూల్స్ రాసుకుంటుంది.

వాస్తవం: డెమోలో రాసుకుంటుంది. 'ఎ తర్వాత బి' అనే చిన్న మాటే తీసుకోండి. మధ్యలో సి వస్తే ఒప్పుకోవాలా? ఎ, సి, బి1, బి2 అనే వరస వచ్చిందనుకుందాం. ఫ్లింక్ సీఈపీలో 'నెక్స్ట్' అని రాస్తే మధ్యలో ఏదీ రాకూడదు, కాబట్టి ఒక్క మ్యాచ్ కూడా రాదు. 'ఫాలోడ్‌బై' అని రాస్తే మొదటి బి తోనే ఒకటి వస్తుంది, 'ఫాలోడ్‌బైఎనీ' అని రాస్తే ప్రతి బి తోనూ కలిపి రెండు. మూడింటినీ మామూలు మాటల్లో 'తర్వాత' అనే అంటాం. ఏది కావాలో రిస్క్ ఆఫీసర్‌ని అడిగితే ఆయన మనవైపు వింతగా చూస్తాడు, అందులో ఆయన తప్పేమీ లేదు.

గడువు పెట్టని ప్యాటర్న్ ఇంకో ప్రమాదం. మొదటి మెట్టు దాటి రెండోదాని కోసం ఎదురుచూస్తున్న సగం మ్యాచ్‌లన్నీ ఇంజిన్ గుర్తుపెట్టుకోవాలి. ఇలా గుర్తుపెట్టుకున్నదాన్నే స్టేట్ అంటారు. లక్షల మంది కస్టమర్లుంటే ఆ స్టేట్ పెరుగుతూనే ఉంటుంది. టెస్టింగ్‌లో బయటపడదు, ప్రొడక్షన్‌లో కొన్నాళ్లకు పడుతుంది.

అపోహ: తెలియని మోసాలను అదే కనిపెడుతుంది.

వాస్తవం: కనిపెట్టదు. మనం రాసిన ప్యాటర్న్‌నే వెతుకుతుంది. కొత్త ప్యాటర్న్ ఏమిటో పాత డేటా తవ్వి, కేసులు చదివి మనుషులే తేల్చాలి. ఈ విషయం బ్రోషర్లలో చిన్న అక్షరాల్లో కూడా ఉండేది కాదు. మెషీన్ లెర్నింగ్ వచ్చాక రూల్స్ అక్కర్లేదనేది దీనికి తమ్ముడు లాంటి అపోహ. మోడల్‌కి 'గత పది నిమిషాల్లో ఎన్ని ట్రాన్స్‌ఫర్లు' అనే లెక్క అప్పటికప్పుడు అందించేది ఈ స్ట్రీమ్ లెక్కలే.

అపోహ: సీఈపీ చచ్చిపోయింది.

వాస్తవం: పోయింది దుకాణాల బోర్డులు. స్టాన్‌ఫర్డ్‌లో 1990లలో రాపిడ్ అనే పరిశోధన ప్రాజెక్టు నడిపిన డేవిడ్ లక్‌హామ్ 2002లో పుస్తకం రాశాక సీఈపీ అనే పేరు బాగా వ్యాపించింది. తర్వాత కొనుగోళ్ల వరస. అపామాను 2005లో ప్రోగ్రెస్, 2013లో సాఫ్ట్‌వేర్ ఏజీ కొన్నాయి. కోరల్8, అలేరీ 2009లో కలిసిపోయి, మరుసటి ఏడు సైబేస్‌లోకి, అక్కడి నుంచి ఎస్ఏపీలోకి వెళ్లాయి. డేటాబేస్ పరిశోధకుడు మైఖేల్ స్టోన్‌బ్రేకర్ వాళ్ల స్ట్రీమ్‌బేస్‌ను 2013లో టిబ్కో తీసుకుంది. విడిగా సీఈపీ కంపెనీ అనేది దాదాపు మాయమైంది కాబట్టి టెక్నాలజీ కూడా పోయిందనుకున్నారు.

కానీ డేటాబేస్‌ల భాష ఎస్‌క్యూఎల్ 2016 నాటి ప్రమాణంలో మ్యాచ్ రికగ్నైజ్ అనే క్లాజ్ చేరింది. ఈవెంట్ల వరసను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లా (అక్షరాల్లో నమూనా వెతికే సూత్రంలా) రాసి వెతకడం అంటే సీఈపీయే. ఒరాకిల్ డేటాబేస్ 12సీలో అంతకు ముందే ఉంది. 2016లోనే ఫ్లింక్ 1.0 సీఈపీ లైబ్రరీతో వచ్చింది. కాఫ్కా ఈవెంట్లను మోసుకొస్తుంది, దాచిపెడుతుంది. వాటిలో వరస వెతికే పని ఇంకొకరు చేయాల్సిందే. ఆ పనికి ఇప్పుడు స్ట్రీమ్ ప్రాసెసింగ్ అనే పేరు పెట్టుకున్నాం, అంతే.

టెక్నాలజీ పండిందా అంటే, లోపలి ఇంజిన్లు పండాయి. చెక్‌పాయింట్లు (స్టేట్‌ను అప్పుడప్పుడు భద్రపరచడం), తిరిగి మొదలైనప్పుడు స్టేట్ పోకుండా చూసుకోవడం ఇప్పుడు నమ్మదగ్గ స్థాయిలో ఉన్నాయి. రూల్స్ రాసి, వాడనివి తీసేసి, మార్చినప్పుడు పాత డేటా మీద నడిపి చూసే పద్ధతులు మాత్రం ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఎవరూ తీసేయడానికి సాహసించని రూల్స్ చాలా చోట్ల అలాగే పేరుకుపోయి ఉంటాయి.

ఎవరైనా ఈ ఇంజిన్ అమ్మడానికి వస్తే సెకనుకు ఎన్ని ఈవెంట్లని అడగకండి. మీ సొంత డేటా ఇచ్చి, కొన్ని ఈవెంట్ల వరస తారుమారు చేసి, కొన్నిటిని రెండుసార్లు పంపి, ప్యాటర్న్ సగంలో ఉండగా సర్వర్ ఆపి మళ్లీ మొదలుపెట్టమనండి. అలర్టులు ముందు వచ్చినన్నే వచ్చాయా అని చూసి అప్పుడు ధర మాట్లాడండి.