22 ఓట్ల నియోజకవర్గం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

2024లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రమంతా దాదాపు మూడు వారాలు ఒక్క సీటు కోసం ఎందుకు టెన్షన్ పడిందని అడిగారు కదా. ఆ సీటు పేరు సర్రీ-గిల్డ్‌ఫోర్డ్. దాని సంగతి తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

సర్రీ వాంకూవర్‌కి శివారు. ఫ్రేజర్ నది దాటితే వస్తుంది. పేరుకు శివారే గానీ జనాభాలో ఆ రాష్ట్రంలో రెండో పెద్ద నగరం. పంజాబీలు చాలా ఎక్కువ, మనవాళ్లూ ఉన్నారు. అక్కడ కూడా ఎమ్మెల్యే అనే అంటారు. మన దగ్గరలాగే ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా గెలిచినట్టే. అయితే మనం 2009 ఎన్నికలప్పటి హద్దులతోనే ఇంకా నెట్టుకొస్తున్నాం. వాళ్లు అలా కాదు. ప్రతి రెండు ఎన్నికలకోసారి ఒక స్వతంత్ర కమిషన్ వేసి జనాభాను బట్టి హద్దులు మారుస్తారు. అందుకే అక్కడ ఒక సీటు చరిత్ర చదవాలంటే పేరు ఒక్కటే పట్టుకుంటే దారి తప్పుతాం.

గిల్డ్‌ఫోర్డ్ సీటు 2017లో వచ్చింది. అంతకుముందు అక్కడ ఉన్నది సర్రీ-టైన్‌హెడ్. 2001లో అక్కడ లిబరల్ పార్టీ తరఫున డేవ్ హేయర్ గెలిచారు. ఆ ఏడాది లిబరల్స్ ఊపు ఎలాంటిదంటే 79 సీట్లలో 77 వాళ్లవే. డేవ్ తండ్రి తారా సింగ్ హేయర్ పంజాబీ పత్రికా సంపాదకుడు. హింసను నమ్ముకున్న వేర్పాటువాదులను తన పత్రికలో ఎండగట్టేవారు. 1988లో ఆయన మీద కాల్పులు జరిగితే వీల్‌చైర్‌కి పరిమితమైపోయారు. అయినా రాయడం ఆపలేదు. 1998లో ఇంటి దగ్గరే కాల్చి చంపారు. ఆ ఇంటి నుంచి వచ్చిన కొడుకు 2013 దాకా ఎమ్మెల్యేగా ఉన్నారు. ఆ తర్వాత డేవ్ పోటీ చేయలేదు. ఆయన పార్టీకే చెందిన అమ్రిక్ విర్క్ గెలిచారు.

ఇక 2017. ఆ ఎన్నిక గురించి ఎవరేం చెప్పినా, శివార్లలో దాన్ని మలుపు తిప్పింది వంతెన టోల్ అని నా అభిప్రాయం. సర్రీ నుంచి నది దాటే పోర్ట్ మాన్ వంతెనను 2012 చివర్లో కొత్తగా కట్టి టోల్ పెట్టారు. రోజూ ఆఫీసుకు వెళ్లి రావాలంటే రెండుసార్లు కట్టాలి. వాంకూవర్ నడిబొడ్డున ఉండేవాళ్లకు ఆ బాధ తెలియదు. గిల్డ్‌ఫోర్డ్ వాళ్లకు ఆ వంతెన గుమ్మం ముందు ఉన్నట్టే. లిబరల్స్ ఏడాదికి 500 డాలర్లు మించకుండా చూస్తామన్నారు. వాళ్లకు ప్రధాన ప్రత్యర్థి ఎన్డీపీ, అంటే న్యూ డెమోక్రటిక్ పార్టీ, అసలు టోలే ఎత్తేస్తామంది. సర్రీలో 9 సీట్లుంటే 6 ఎన్డీపీ గెలిచింది. గిల్డ్‌ఫోర్డ్‌లో విర్క్‌ని ఓడించింది గ్యారీ బెగ్. తమాషా ఏమిటంటే, ఇద్దరూ కెనడా ఫెడరల్ పోలీసు శాఖలో పనిచేసినవాళ్లే! లిబరల్స్‌కి మొత్తం మీద రెండు సీట్లు ఎక్కువే వచ్చినా, గ్రీన్స్ అనే చిన్న పార్టీ మద్దతుతో ఎన్డీపీ గద్దెనెక్కింది. సెప్టెంబరు 1 నుంచి టోల్ పోయింది.

2020లో కరోనా మధ్య జరిగిన ఎన్నికలో బెగ్ మళ్లీ గెలిచారు.

ఆ తర్వాత ఎదుటి పక్షమే మాయమైంది. బ్రిటిష్ కొలంబియా లిబరల్స్‌కి ఢిల్లీలాంటి ఒట్టావాలోని లిబరల్స్‌తో సంబంధం లేదు. ఆ అయోమయం పోవాలని 2023లో బీసీ యునైటెడ్ అని పేరు మార్చుకున్నారు. పేరు జనానికి ఎక్కలేదు. 2024 ఆగస్టు చివర్లో, ఎన్నికలకు రెండు నెలలైనా లేని సమయంలో, ప్రచారం ఆపేసి కన్సర్వేటివ్‌లకు దారి వదిలేశారు.

అక్టోబరు 19న కుండపోత వానలో పోలింగ్ జరిగింది. ఆ రాత్రి గిల్డ్‌ఫోర్డ్‌లో కన్సర్వేటివ్ అభ్యర్థి హన్‌వీర్ సింగ్ రంధావా దాదాపు వంద ఓట్ల ఆధిక్యంలో ఉన్నారు. అయితే పోస్టులో వచ్చిన ఓట్లు కొన్ని ఇంకా లెక్కపెట్టాలి. అవి కలుపుతూ వచ్చేసరికి ఆధిక్యం కరుగుతూ కరుగుతూ అక్టోబరు 28న తిరగబడింది: బెగ్‌కి 27 ఓట్లు ఎక్కువ. ఇందులో మోసమేమీ లేదు. ఏ ఓటు ఎప్పుడు లెక్కపెట్టాలన్నది ముందే రాసిపెట్టిన పద్ధతి. తేడా పోలైన ఓట్లలో ఐదొందలో వంతు కంటే తక్కువైతే జడ్జి పర్యవేక్షణలో మళ్లీ లెక్కించాలన్నదీ అక్కడి చట్టమే. నవంబరు 8కి ఆ లెక్క తేలింది. తేడా 22.

ఆ సీటుతో ఎన్డీపీ బలం 93లో 47. అంటే సరిగ్గా మెజారిటీ, ఒక్కటీ ఎక్కువ లేదు. బెగ్‌ని అదే నెలలో పోలీసు వ్యవహారాలు చూసే మంత్రిని చేశారు. కానీ స్పీకర్ కూడా వాళ్లలోంచే కావాలి కదా. పంజాబ్‌లో పుట్టిన రాజ్ చౌహాన్ మళ్లీ ఆ కుర్చీలో కూర్చుంటే సభలో అటు 46, ఇటు 46. స్పీకర్ ఓటు సమానమైనప్పుడే పడుతుంది. ప్రతి బిల్లుకూ ఆయన వైపు చూస్తూ కూర్చోలేక, ఎన్డీపీ వాళ్లు డిసెంబరులో ఇద్దరు గ్రీన్స్ సభ్యులతో ఒప్పందం కుదుర్చుకున్నారు.

మీ
తాతయ్య