బగ్గీ అంటే పిల్లల బండేనా? అపోహలు - వాస్తవాలు

ఇంగ్లిషు సినిమాలకు తెలుగు సబ్‌టైటిళ్లు రాయడం నా పని. పెద్ద పెద్ద పదాలు నిఘంటువులో దొరికిపోతాయి. సతాయించేవి 'బగ్గీ' లాంటి రోజువారీ మాటలే.

అపోహ: బగ్గీ మొదట్నుంచీ పిల్లల బండి.

వాస్తవం: మొదట అది ఒంటిగుర్రం లాగే తేలికపాటి బండి. బ్రిటన్‌లో దానికి రెండు చక్రాలు, అమెరికాలో నాలుగు. తెలుగులోకి వచ్చింది ఆ గుర్రపు బగ్గీయే. అందుకే తల్లి 'బగ్గీ' తోసుకొచ్చిందని రాస్తే మనవాళ్లకు గుర్రం గుర్తొస్తుంది. నేను 'పిల్లల బండి' అనే రాస్తాను.

అపోహ: పిల్లల బండి అని తేలిపోతే ఇక చిక్కు లేదు.

వాస్తవం: అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. బ్రిటన్‌లో బగ్గీ అంటే పిల్లల్ని కూర్చోబెట్టి తోసే, మడతపడే చిన్న బండి. దానికి దారి చూపినవాడు ఓవెన్ మెక్‌లారెన్. స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం చక్రాల అమరిక మీద పనిచేసిన ఇంజినీరు ఆయన. 1965లో అల్యూమినియం గొట్టాలతో, గొడుగులా ముడుచుకునే బండిని రూపొందించాడు. బరువు 3 కిలోల లోపే! అమెరికా పాతతరం 'బేబీ బగ్గీ' అంటే మాత్రం పసిబిడ్డను పడుకోబెట్టే, టాపున్న పెద్ద బండి. బ్రిటన్‌వాళ్లకు అది ప్రామ్. కూర్చోబెట్టేదాన్ని అమెరికాలో స్ట్రోలర్ అంటారు. కాబట్టి మాట్లాడేది ఏ దేశంవాళ్లో తెలియకుండా సబ్‌టైటిల్‌లో బగ్గీని మడతపెట్టించకూడదు, బిడ్డను పడుకోబెట్టకూడదు.

అపోహ: ఆడమనిషి తోస్తుంటే లోపల బిడ్డ ఉన్నట్టే.

వాస్తవం: నేనూ అలాగే అనుకుని తప్పు రాశాను. అమెరికా దేశపు దక్షిణాది రాష్ట్రాల కథ అది. దుకాణం గుమ్మంలో ఒకామె కూతురితో 'బగ్గీ తెచ్చుకో' అంటుంది. 'పిల్లల బండి' అని రాసేశాను. మరుసటి షాట్‌లో ఆ బండిలో పాలడబ్బా, బంగాళాదుంపల సంచి. ఆ ప్రాంతంలో సరుకుల ట్రాలీని కూడా బగ్గీ అంటారు. అప్పట్నుంచి సీను మొత్తం చూడనిదే ఆ మాట ముట్టుకోను.

అపోహ: సాఫ్ట్‌వేర్ 'బగ్గీ'గా ఉందన్నా ఇదే మాట.

వాస్తవం: కాదు. అది 'బగ్' నుంచి పుట్టింది. తప్పులతడక అని అర్థం.

అపోహ: మోటారు ఉంటే బగ్గీ అనరు.

వాస్తవం: గోల్ఫ్ బగ్గీ, ఇసుకలో నడిపే బీచ్ బగ్గీ ఉన్నాయి. 1971లో అపోలో 15 వ్యోమగాములు చంద్రుడి మీద నడిపిన వాహనాన్ని 'మూన్ బగ్గీ' అన్నారు. దాని చక్రాలకు రబ్బరు ఉండదు, తీగలతో అల్లిన జాలీ ఉంటుంది. దాన్ని 'చంద్రుడి మీది బండి' అని రాశాను.