పెంపుడు జంతువు హఠాత్తుగా పోతే తప్పంతా మనదేనని ఎందుకనిపిస్తుంది?

రాత్రి మామూలుగానే అన్నం తిన్న కుక్క తెల్లారేసరికి లేవదు. సోఫా మీద పడుకున్న పిల్లి ఒక్క అరుపు అరిచి పక్కకి ఒరిగిపోతుంది. ఏడుపు కాస్త తెరిపిన పడ్డాక ఇంట్లోవాళ్లు ఫోన్ తీసి గ్యాలరీ వెనక్కి జరుపుకుంటూ పోతారు. మూడు రోజుల కిందటి వీడియో ఒకటి కనిపిస్తుంది. అందులో అది కొంచెం నెమ్మదిగా నడుస్తున్నట్టుంటుంది. "చూశావా, అప్పటికే డల్‌గా ఉంది. మనమే పట్టించుకోలేదు" అనుకుంటారు. అదే వీడియోని తీసిన రోజున ముచ్చటపడి స్టేటస్‌లో పెట్టింది కూడా వాళ్లే.

ఈ తేడా ఎలా వస్తుందో బారుక్ ఫిష్‌హాఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1975లో ఒక ప్రయోగంతో చూపించాడు. దానికి ఆయన ఎంచుకున్నది 1814లో బ్రిటిష్ వాళ్లకీ నేపాల్ గూర్ఖాలకీ జరిగిన పోరు. దాని గురించి చాలామంది విని కూడా ఉండరు కాబట్టే అది పనికొచ్చింది. అప్పటి పరిస్థితులు చెప్పే ఒకే కథనాన్ని అందరికీ ఇచ్చాడు. కొందరికి చివర్లో బ్రిటిష్ వాళ్లు గెలిచారని చెప్పాడు, కొందరికి గూర్ఖాలు గెలిచారన్నాడు, ఇంకొందరికి ఎటూ తేలలేదన్నాడు. కొంతమందికి ముగింపే చెప్పలేదు. తర్వాత, ఏది జరగడానికి ఎంత అవకాశం ఉందో అంచనా వేయమన్నాడు. ఎవరికి ఏ ముగింపు చెబితే వాళ్లకి అదే జరిగేలా ఉందనిపించింది. కథనంలో ఆ ముగింపుకి అతికే వివరాలే ముఖ్యమైనవిగా కనబడ్డాయి. ముగింపు ముందే తెలియడం వల్ల తమ లెక్క మారిందన్న సంగతి మాత్రం వాళ్లు పెద్దగా గమనించలేదు.

ఎప్పుడో జరిగిన పరాయి యుద్ధం విషయంలోనే ఇలా ఉంటే, కాళ్ల దగ్గర పడుకున్న కుక్క విషయం చెప్పేదేముంది? అది పోయిందని తెలిసిన క్షణం నుంచీ మెదడు పాత రోజుల్ని తిరగేసి, చావుకి అతికే వాటినే ఏరుకుంటుంది. సగం వదిలేసిన అన్నం గుర్తుంటుంది. అంతకుముందు అలాగే అన్నం వదిలేసి మర్నాడు హాయిగా గెంతిన రోజులు గుర్తుకు రావు.

పైగా హఠాత్తుగా వచ్చే చావుల్లో చాలావాటికి ముందు సూచన దాదాపు ఉండదు. వయసు మళ్లిన జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్, లాబ్రడార్ లాంటి పెద్ద కుక్కల్లో ప్లీహం మీద హీమాంజియోసార్కోమా అనే రక్తనాళాల క్యాన్సర్ గడ్డ చప్పుడు లేకుండా పెరుగుతుంది. అది పగిలి కడుపులోపల రక్తం కారిన రోజే బయటపడుతుంది. పిల్లుల్లో గుండె కండరం దళసరెక్కే జబ్బుంది. చాలా పిల్లుల్లో స్టెతస్కోప్‌కి కూడా అందదు, ఎకో (గుండె స్కానింగ్) తీస్తేనే తెలుస్తుంది. ఇక కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్. "టీకా వేయించినా పోయిందేంటండీ" అని అడిగేవాళ్లు చాలామందే ఉంటారు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు పిల్లని కొన్ని వారాలు కాపాడతాయి, కానీ అవే టీకాని పనిచేయనివ్వవు. అవి తగ్గిపోయి, టీకా ఇంకా పట్టకముందు మధ్యలో ఒక ఖాళీ వస్తుంది. 16 వారాలు వచ్చేదాకా డోసు మీద డోసు వేసేది అందుకే. ఆ ఖాళీలోనే వైరస్ సోకితే యజమాని చేయగలిగేది తక్కువ.

అలాగని ప్రతిసారీ "నీ తప్పేం లేదు" అనడం నాకు నచ్చదు. కొన్నిసార్లు తప్పు జరుగుతుంది. పిల్లికి ఒళ్లు వెచ్చగా ఉందని మనం వేసుకునే పారాసిటమాల్ వేస్తారు. ఆ మందుని విరిచి బయటికి పంపే ఎంజైమ్ పిల్లి కాలేయంలో సరిపడా ఉండదు, ఒక్క మాత్ర చాలు ప్రాణం తీయడానికి. మే నెల ఉక్కలో పగ్‌ని కారులో ఉంచి "రెండు నిమిషాలే" అని దిగుతారు. వీళ్లకి కావలసింది బుజ్జగింపు కాదు. రోనీ జానాఫ్-బుల్మన్ అనే పరిశోధకురాలు 1979లో స్వీయనిందని రెండుగా విడదీసింది. "ఆ మాత్ర వేయడం పొరపాటు" అనేది ఒకటి, "నేను జంతువుని పెంచడానికే పనికిరాను" అనేది ఇంకొకటి. మొదటిదాన్ని దిద్దుకోవచ్చు. మనిషిని కుంగదీసేది రెండోదే. మాత్ర వేసింది దాని బాధ తగ్గాలనేనన్నది కూడా లెక్కలోకి రావాలి.

అసలు ఈ నిందని మనసు అంత తేలిగ్గా ఎందుకు వదలదు? ఇదే పరిశోధకురాలు కామిల్ వోర్ట్‌మన్‌తో కలిసి 1977లో, ప్రమాదాల్లో కాళ్లూ చేతులూ చచ్చుబడినవాళ్లతో మాట్లాడింది. తమనే నిందించుకున్నవాళ్లు ఇతరులని నిందించినవాళ్లకంటే బాగా నెట్టుకొచ్చారు. ఎంత చేదుగా ఉన్నా, తప్పు నాదే అంటే పరిస్థితి నా చేతిలో ఉండేదన్నమాట. ఎవరి చేతిలోనూ లేదనుకోవడం అంతకంటే భయంగా ఉంటుంది.

మన దగ్గర ఇంకో చిక్కుంది. మనిషి పోతే పలకరించడానికి వస్తారు, పదకొండో రోజు అంటూ ఒకటుంటుంది. కుక్క పోతే సెలవడగడానికే మొహమాటం. "కుక్కే కదా, ఇంకోటి తెచ్చుకో" అంటారు. ఇలా నలుగురూ గుర్తించని దుఃఖం గురించి కెన్నెత్ డోకా 1989లోనే పుస్తకం తెచ్చాడు. "ఇంటి మీదికొచ్చిన గండం అది తీసుకుపోయింది" అని పెద్దవాళ్లు ఓదారుస్తారు. కొందరికి ఊరట, కొందరికి మన బదులు అది పోయిందన్న బరువు.

కారణం తెలియక నలిగిపోయేవాళ్లకి పోస్టుమార్టం ఒక దారి. పశువైద్య కళాశాలల్లో చేస్తారు. ఆలస్యం చేయకూడదు, శరీరాన్ని చల్లగా ఉంచాలి, ఫ్రీజర్‌లో గడ్డకట్టించకూడదు. వారాలు గడిచినా నిద్ర పట్టక, పనిలో మనసు నిలవకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇంట్లో పిల్లలుంటే "ఊరికి పంపించాం" అని చెప్పొద్దు, ఎదురుచూస్తారు. "నిద్రపోయింది" అనీ అనొద్దు, పడుకోవడానికి భయపడతారు. అయిదారేళ్ల పిల్లలు తమ కోపం వల్లే ఇదంతా జరిగిందని నమ్మేయగలరు. నువ్వు తోక లాగినందుకు కాదమ్మా, దాని గుండెకి జబ్బు చేసింది అని, వాళ్లు అడక్కపోయినా చెప్పాలి.